బానెట్ మీద మూడు దెబ్బలు

ఇంకోసారి అరిస్తే బాగుండు. ఒక్కసారి, చిన్నగా, ఇందాక అరిచినట్టు అరిస్తే అది ఇంజన్‌లో ఉందో, టైరు పక్కన ఉందో తెలుస్తుంది. పోగు అరవడం లేదు. ముందు డప్పులు, జై తెలంగాణ, మళ్ళీ డప్పులు, ఈ మోతలో నాలుగు నెలల పిల్లికూన గొంతు ఎవరికి వినపడుతుంది నాకు తప్ప. నాకైనా నిజంగా వినపడిందో, భయపడి నేనే వినేసుకున్నానో. కోరుట్ల దాటి ఏడెనిమిది కిలోమీటర్లు వచ్చామేమో, జగిత్యాల ఇంకా రాలేదు, పదకొండింటికి ఆపారు బండ్లని, ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది. రోడ్డు మీదే మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు. అన్నం ఉడికి, అందరూ తిని, చేతులు కడుక్కున్నాక రోడ్డు వదులుతామని ఈ వంటావార్పు నడిపిస్తున్న సాంబయ్య సారు మైకులో చెప్పాడు. ముందు నిలబడ్డ జీపుల వాళ్ళు, వెనక లారీల వాళ్ళు, అందరూ ఆ అన్నం ఎప్పుడు ఉడుకుతుందా అని చూస్తున్నారు. ఉడకకూడదని కోరుకుంటున్న మనిషిని ఈ రోడ్డు మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఉడికిందంటే మధుకర్ వస్తాడు, మధుకర్ వచ్చాడంటే తాళం తిప్పుతాడు.

మా ఆయన బండెక్కే తీరు నాకు తెలుసు. ఒక కాలు లోపల పెడతాడు, రెండో కాలు నేల మీద ఉండగానే తాళం తిప్పేస్తాడు, అంత తొందర ఎందుకని అడిగితే సాంచా మోటారు స్విచ్చి వేసిన చెయ్యి కదా అంటాడు. సిరిసిల్లలో మాకు నాలుగు సాంచాలు, కరెంటు మగ్గాలు. కరెంటు ఉంటే అవి నడుస్తాయి, అవి నడిస్తే మేమూ నడుస్తాం. కరెంటు కోతలు పెరిగాక సాంచాలకంటే ఈ బండే ఎక్కువ నడుస్తోంది. ముసలి వ్యాన్ ఒకటి తెచ్చి, వెనక రేకులు కొట్టించి, తువ్వాలలు, లుంగీలు, దుప్పట్ల మూటలు కింద పేర్చి, వాటి మీద చెక్క పలక వేసి పడక చేశాడు. ఒక మూల కిరోసిన్ స్టవ్వు, నీళ్ళ డబ్బా, బట్టలారేసే తాడు, అద్దం కూడా ఉంది, పగిలిందే. మల్లాపూర్ సంత, గొల్లపల్లి సంత, ముస్తాబాద్ సంత, నెలలో ఇరవై రోజులు ఇదే మా ఇల్లు. సమ్మెతో బడులు మూసేశారు కాబట్టి సుమ కూడా మాతోనే ఉంది. తొమ్మిదేళ్ళది. ఇప్పుడు పడక మీద బోర్లా పడి నిద్రపోతోంది, ఈ డప్పులకి కూడా లేవకుండా ఎట్లా పడుకుందో, పడుకోనీ, లేస్తే ముందు పోగునే వెతుకుతుంది.

పిల్లులు లేకపోతే ఈ వ్యాపారం లేదు. తువ్వాలకి గంజి పెడతాం, ఆ గంజి వాసనకి ఎలుకలు వస్తాయి, ఒక్క రాత్రిలో మూట మూటంతా జల్లెడ చేసి పెడతాయి. అందుకని కండె, కండె కూతురు పోగు. వాటితో తిరగడం ఎట్లాగో నాకు ఎవరూ చెప్పలేదు, తప్పులు చేసి చేసి నేర్చుకున్నాను. బయల్దేరే ముందు రెండు గంటలు తిండి పెట్టకూడదు, పెడితే దుప్పట్ల మీద కక్కుతాయి. బుట్టని డ్రైవరు సీటు వెనక కొక్కేనికి కట్టాలి, గుంతల్లో ఎగిరి పడకుండా. బుట్ట మీద కప్పేది నూలు తువ్వాలే అయి ఉండాలి, పాలిస్టర్ గుడ్డయితే గాలి ఆడదు. తట్టలో ఇసుక పోసి పక్కన పెట్టాలి. వెనక తలుపు తీసేముందు లెక్క పెట్టుకోవాలి, ఒకటి, రెండు. ఇంకోటి, తాళం తిప్పే ముందు బానెట్ మీద అరచేత్తో మూడు దెబ్బలు. ఈ ఆఖరిది నేనే పెట్టాను, రెండేళ్ళ కింద. "ఏందే, బండికి దిష్టి తీస్తున్నవా" అని మధుకర్ నవ్వుతాడు. తీస్తున్న, నీకేంది నొప్పి అంటాను. ఎందుకని మాత్రం ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇందాక కొట్టాను. మూడు కాదు, ఆరేడు కొట్టుంటాను. కొడితే బయటికి దూకాలి. డప్పులకి బెదిరి ఉంది కదా, నా దెబ్బలకి ఇంకా లోపలికి పోయినట్టుంది. బానెట్ ఎత్తి చూస్తే రేకులు, గొట్టాలు, మసి, పంకా, అంతే. చెయ్యి దూర్చాను, మోచేతి దగ్గర కాలింది, రెండు గంటలైనా లోపల ఏదో గొట్టం ఇంకా వేడిగానే ఉంది. పోగూ, పోగూ అని పిలిచాను, మెల్లగా, వెనక లారీ వాళ్ళకి వినపడకుండా. ఆ లారీ డ్రైవరు పేరు పోశం, పొద్దున దిగి నీళ్ళడిగాడు, మంచి మనిషే. కానీ పిల్లి అడ్డమొస్తే బండి ఆపి, దిగి, ఉమ్మేసి, మూడడుగులు వెనక్కి వేసి మళ్ళీ ఎక్కే జాతి. ఈ రోడ్డు మీద డ్రైవర్లంతా అంతే. అందుకే మా బండిలో పిల్లులున్నాయని ఎక్కడా చెప్పం, తువ్వాల కప్పి పెడతాం, అరిస్తే పాప ఏడుస్తోందంటాం. తొమ్మిదేళ్ళ పాప మ్యావుమని ఏడుస్తుందా అని ఎవడూ అడగకపోవడం మా అదృష్టం.

వెళ్ళి మధుకర్‌ని పిలుచుకు వస్తే అయిపోదా. అయిపోదు. నేను ఇక్కణ్ణించి కదిలితే అది బయటికి వచ్చి లారీ చక్రాల కిందకి పోతుంది. వెనక సుమ ఒక్కతే. కబురు పంపితే ఏమని పంపాలి. పిల్లి ఇంజన్‌లో దూరింది, తాళం తిప్పకు అని. నమ్ముతాడా, ఇంజన్‌లో పిల్లి ఎందుకు దూరుతుందే, కాలదా దానికి, నీకెవరు చెప్పారు అంటాడు. నాకు ఎవరూ చెప్పలేదు, నేను చూశాను. ఆ మాట అనాల్సి వస్తుందనే కదా, ఎండలో బానెట్‌కి వీపు ఆనించి ఇట్లా కాపలా కాస్తున్నాను. పిరికిదాన్ని, పచ్చి పిరికిదాన్ని. ఊరంతా నా నోటికి భయపడుతుంది, సంతలో బేరమాడేవాళ్ళు నన్ను చూసి మధుకర్ వైపు జరుగుతారు, ఆ నోట్లోంచి ఈ ఒక్క మాట రెండేళ్ళుగా రావడం లేదు.

రెండేళ్ళ కింద, మల్లాపూర్‌లో తెల్లవారుజామున. చలి. అప్పుడు మాకు జరీ ఒక్కటే పిల్లి, వీపు మీద పసుప్పచ్చ గీతలుండేవి, సుమ పెట్టిన పేరు. మధుకర్ బోరింగు దగ్గర స్నానం చేస్తున్నాడు. హైదరాబాదులో చదువుకునే పిల్లల మీద లాఠీలు విరిగాయని ముందురోజు రాత్రి సంతలో ఎవరో చెప్పారు. మా తమ్ముడు నవీన్ అక్కడే చదువుతున్నాడు, ఊరేగింపు ఉందంటే ఆగే రకం కాదు. నా ఫోన్ చచ్చిపోయి ఉంది. సీటు దగ్గర చార్జర్ పెట్టి తాళం ఒక్క మెట్టు తిప్పాను, చార్జర్ లైటు వెలగలేదు, ఇంజన్ నడిస్తేనే ఎక్కుతుందేమో అనుకున్నాను. ఇంకొక్క మెట్టు తిప్పాను. బండి లేచింది. లేచినప్పుడు ఒక చప్పుడు వచ్చింది, మెత్తటి దాని మీద బెల్టు జారినట్టు, అంతే, అరుపు కూడా లేదు. నేను తాళం కట్టేశాను. కట్టేసి, దిగి, బానెట్ ఎత్తి, చూసి, నా తువ్వాలలోనే చుట్టి, కాలువగట్టు మీద టేకు చెట్టు కింద చేత్తోనే మట్టి తవ్వాను. వేళ్ళకి నెత్తురొచ్చింది. వచ్చి చేతులు కడుక్కుని మళ్ళీ తాళం తిప్పి ఫోన్ పెట్టాను, ఈసారి బండి ఆపలేదు కాబట్టి చార్జ్ ఎక్కింది. నవీన్ ఎత్తాడు. "ఏమైందక్కా గింత పొద్దుగాల, నేను ఉప్మా తింటున్న" అన్నాడు. ఏం లేదురా, తిను అన్నాను. వాడి మీద ఎంత కోపం వచ్చిందో, ఉప్మా తింటున్నందుకు, బాగున్నందుకు.

సుమ లేచి జరీ ఏదమ్మా అంది. పారిపోయింది అన్నాను. ఎందుకు పారిపోయింది. మెడకి తాడు కట్టి ఉంచాం కదా, దానికి నచ్చలేదు, వాళ్ళింటికి పోయింది. నోటికి వచ్చింది అనేశాను, ఏడేళ్ళ పిల్ల, నాలుగు రోజుల్లో మరిచిపోతుందిలే అనుకున్నాను. మరిచిపోలేదు. మల్లాపూర్ సంతకి ఎప్పుడు పోయినా చిన్న సత్తు గిన్నెలో పాలు పోసి బోరింగు పక్కన పెట్టి వస్తుంది. పొద్దున చూస్తే గిన్నె ఖాళీగా ఉంటుంది, ఏ కుక్కో తాగిపోతుంది, సుమ మాత్రం జరీ అచ్చింది, రాత్రి అచ్చిపోయింది అని మొహం వెలిగించుకుని గిన్నె కడుగుతుంది. నిన్న రాత్రి కూడా పెట్టింది. నేను కాలువగట్టు వైపు చూడకుండా టీ కాచుకున్నాను. ఆ గిన్నె ఇప్పుడు స్టవ్వు పక్కనే బోర్లించి ఉంది.

పోగు బుట్టలోంచి ఎట్లా బయటపడింది. అది మాత్రం నాకు అంతుపట్టడం లేదు. కండె ఒక్కతే ఉంది బుట్టలో, కళ్ళు పెద్దవి చేసి. తాడు తెగలేదు, కొరకలేదు. మగ్గం మీద తెగిన నూలు పోగుని అతికేటప్పుడు వేసే ముడి వేస్తాను నేను బుట్టకి, చేయి తిరిగినవాళ్ళకి తప్ప విప్పడం రాదు. శుభ్రంగా విప్పి ఉంది, తాడు చివర మడిచి పక్కన పెట్టి కూడా ఉంది. ఈ బండిలో ఆ ముడి విప్పడం వచ్చినవాళ్ళం ముగ్గురం. మధుకర్ బండి ఆగినప్పటి నించీ వెనక్కి రానే లేదు, వాళ్ళ వంటకి మా పెద్ద గంజు అడిగితే ఎత్తుకుని పోయి, అక్కడే గరిటె పట్టుకుని నిలబడ్డాడు. నేను విప్పలేదు. పోయిన ఎండాకాలం సాంచాల షెడ్డులో కూర్చోబెట్టి సుమకి ఆ ముడి నేర్పింది నేనే. పొద్దున బుట్ట కడుతుంటే పక్కనే నిలబడి ఏమంది ఇది. "కట్టెయ్యకమ్మా, జరీ లెక్క ఇది గూడ పోతది" అంది. పోదు పో, పక్కకి జరుగు అన్నాను. నేను జరగమన్నాను, అది జరిగి, నేను నీళ్ళ కోసం దిగినప్పుడు ముడి విప్పింది. పోకూడదని విప్పింది. నేను చెప్పిన అబద్ధాన్ని రెండేళ్ళు నమ్మి, పోగు మీద ప్రేమతో విప్పింది.

డప్పులు ఆగాయి. ఎందుకు ఆగాయి, అన్నం ఉడికిందా. లేదు, పొయ్యి దగ్గర ఇంకా పొగ ఉంది. వెనక నించి ఏదో వస్తోంది, సైరను, కోరుట్ల వైపు నించి. అంబులెన్సు. మైకులో సాంబయ్య సారు గొంతు, బండ్లు పక్కకు తియ్యుండ్రి, తొవ్వ ఇయ్యుండ్రి, ముందు పానం, తర్వాతనే పోరాటం. ముందున్న జీపులు లేచాయి, పక్కకి ఒరిగాయి. వెనక పోశం లారీ రోడ్డు దిగింది. మా బండి నడి రోడ్డు మీద ఉంది, రెండు వైపులా బండ్లు దిగిపోతుంటే మధ్యలో మేకులాగా మేమొక్కళ్ళమే మిగిలాం. పోశం దిగి వచ్చాడు, జర తియ్యమ్మా బండి, డ్రైవరేడి అంటున్నాడు. సైరను దగ్గరికి వచ్చింది. లోపల ఎవరున్నారో, ఆడమనిషో, మగమనిషో, నెప్పులు పడుతున్నారో. పక్కకి తియ్యాలి, ఇప్పుడే తియ్యాలి. లోపల పోగు ఉంది. నేను బానెట్‌కి ఆనుకునే ఉన్నాను, కదలడం లేదు. గరిటె పారేసి మధుకర్ పరుగెత్తుకు వస్తున్నాడు, జేబులో చెయ్యి పెట్టాడు, తాళం తీశాడు, ఎండకి మెరిసింది. ఒక కాలు లోపల పెట్టాడు.

"తిప్పకు" అన్నాను.

"ఏమైందే, జరుగు, అంబులెన్సు ఆగింది వెనక."

"పోగు ఇంజన్ల ఉన్నది."

"పిల్లి ఇంజన్ల ఎందుకు జొర్రుతదే, కాలదా దానికి. ఎవలు చెప్పిండ్రు నీకు." అన్నాడు, సరిగ్గా నేను అనుకున్న మాటే, తాళం అప్పటికే సందులో పెట్టి. నేను కిటికీలోంచి చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన వెనక, సీటుకీ రేకుకీ మధ్య సందులోంచి, నిద్రమొహంతో సుమ చూస్తోంది. చూడనీ. చూడకుండా ఉంటే బాగుండు, కానీ చూస్తోంది.

"జరీ గట్లనే సచ్చింది. పారిపోలేదు. ఫోను చార్జింగుకని నేనే తాళం తిప్పిన."

పోశం విన్నాడు. పొయ్యిల దగ్గర నించి వచ్చిన పదిమంది విన్నారు. మధుకర్ నన్ను చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి సుమని చూశాడు, తాళం తీసి నా చేతిలో పెట్టాడు. సైరను మోగుతూనే ఉంది. సాంబయ్య సారు మైకు చేత్తోనే పట్టుకుని వచ్చేశాడు, ఏమైందమ్మా, బండి కరాబైందా అంటూ. బండిల పిల్లి ఉన్నది సారూ, ఇంజన్ల చిక్కింది, స్టార్ట్ చేస్తే సస్తది అని చెప్పాను, ఇన్నాళ్ళూ తువ్వాల కప్పి దాచినదాన్ని మైకు ముందే చెప్పాను. పోశం మొహం మాడ్చుకున్నాడు. "పిల్లా. పొద్దుగాల్నుంచి నా ముంగట పిల్లి బండా. గందుకే గిన్ని గంటలు ఆగినం" అని తిట్టుకుంటూనే మా బండి వెనక్కి పోయి భుజం ఆనించాడు. సారు మైకులోనే అన్నాడు, చేతులు ఖాళీగ ఉన్నోళ్ళు రాండ్రి, బండి నూకాలె.

న్యూట్రల్ చెయ్యి అని నేను అరిచాను, మధుకర్ గేరు తీసి స్టీరింగు పట్టుకున్నాడు. ఎంతమంది వచ్చారో నేను లెక్కపెట్టలేదు. పిండి అంటిన చేతులు, పసుపు చేతులు, ఉల్లిగడ్డలు కోస్తున్న కత్తి నోట్లో కరుచుకుని వచ్చిన ఒక ముసలమ్మ, గులాబీ కండువాల వాళ్ళు, సమ్మెలో ఉన్న బస్సు కండక్టరు ఒకాయన. జై తెలంగాణ అంటే ఒక అడుగు, జై తెలంగాణ అంటే ఇంకో అడుగు. మూటలతో, నీళ్ళ డబ్బాతో, మా సంసారం మొత్తంతో ఆ బండి నిద్రలేచినట్టు కదిలింది, ఇంజన్ లేవకుండానే. నేను ముందు వెనక్కి నడుస్తున్నాను, చక్రాల కింద చూస్తూ, అది దూకితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాపి. దూకలేదు. చక్రం రోడ్డు అంచు దిగి మట్టిలో ఆగింది. అంబులెన్సు మా పక్క నించి పోయింది, అద్దంలోంచి ఒక చెయ్యి కనపడింది, గాజుల చెయ్యి, సీసా పట్టుకుని ఉంది. పోయింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు, ఎవరి కోసమో తెలియదు.

జనం పొయ్యిల దగ్గరికి వెళ్ళిపోయారు, డప్పులు మాత్రం మళ్ళీ మొదలుపెట్టలేదు, సారు వద్దన్నట్టున్నాడు. మధుకర్ బానెట్ ఎత్తి దూరంగా జరిగాడు. సుమ బండి దిగింది. నా పక్క నించే నడిచింది, నన్ను తాకకుండా. చేతిలో సత్తు గిన్నె, టీకని ఉంచిన పాలు అందులో పోసింది. వంగి, ముందు చక్రం పక్కన, నీడలో పెట్టి, తను నాలుగడుగులు వెనక్కి వచ్చి గొంతుక్కూర్చుంది. పిలవలేదు కూడా. నేను ఎన్నిసార్లు పిలిచాను, ఎన్ని దెబ్బలు కొట్టాను. ఎంతసేపో. ముందు మసి రాలింది, తర్వాత ఒక కాలు, తర్వాత నల్లటి తల. పోగు తెల్ల పిల్లి, ఇప్పుడు నల్ల పిల్లి. తోక చివర కాస్త కాలింది, అంతే. అది పాలు తాగుతుంటే ఆ చప్పుడు నాకు వినపడింది.

సుమ దాన్ని గౌను అంచుతో తుడిచి, ఎత్తుకుని పోయి బుట్టలో పెట్టింది. ముడి వేసింది. నేను నేర్పిన ముడే, గట్టిగా, రెండుసార్లు లాగి చూసుకుంది. మూడింటికి అన్నం పెట్టారు, మాకూ విస్తర్లు తెచ్చి ఇచ్చారు, పోశం మా దగ్గరే కూర్చుని తిన్నాడు, చేప ముల్లు ఉంటే పిల్లికి పెడుదును, పప్పాయె అన్నాడు. సుమ తినలేదు. నాలుగున్నరకి రోడ్డు వదిలారు. లారీలు లేస్తున్నాయి. మధుకర్ సీట్లో కూర్చున్నాడు, రెండు కాళ్ళూ లోపల పెట్టి, తాళం కోసం నా వైపు చెయ్యి చాపాడు. ఇవ్వబోతున్నాను. సుమ ముందుకి వెళ్ళి బానెట్ మీద అరచేత్తో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. కొట్టి, చెయ్యి అక్కడే ఉంచి, మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"యాడ పెట్టినవ్ దాన్ని?"

"మల్లాపూర్ల బిడ్డా. కాలువగట్టు మీద, టేకు చెట్టు కింద."

బోరింగు ఎక్కడ, కాలువగట్టు ఎక్కడ, మనసులో కొలుచుకుంటున్నట్టుంది.

"నేను గిన్ని రోజులు పాలు వేరే జాగల పెట్టిన" అంది.

తర్వాత బండెక్కి, పిల్లుల బుట్ట పక్కన కూర్చుంది. నాకు చోటు వదల్లేదు. నేను తాళం మధుకర్‌కి ఇచ్చాను.